సజ్జ కింద తేనెపట్టు

ఉగాది పొద్దున. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. ఆవడిలో, పరుత్తిపట్టు చెరువుకు దగ్గర్లో మీరు అద్దెకుంటున్న ఇంటి మిద్దె మెట్లు ఎక్కుతున్నారు. చేతిలో చిన్న స్టీలు గిన్నె. పక్కింటి వేపచెట్టు కొమ్మలు మీ పిట్టగోడ మీదికి వాలి ఉన్నాయి. పచ్చడికి కావలసినంత పువ్వు అక్కడే దూసుకోవచ్చు. దూరంగా అరక్కోణం లోకల్ కూత వేసింది. మెట్ల గది తలుపు గడియ తీసి బయటికి అడుగు పెట్టండి.

ముందు కంట పడేది పువ్వు కాదు, దండెం. నిన్న ఆరేసి తీయడం మరిచిపోయిన తెల్ల పంచె నిండా పసుపు చుక్కలు. ఒక్కొక్కటి వడ్లగింజంత. గోటితో గీకండి. పొడిపొడిగా రాలిపోతుంది. పిట్ట రెట్ట ఇలా ఉండదు. పిట్టగోడ మీదా అవే చుక్కలు, బోర్లించిన బకెట్టు మీదా అవే. వంగి వీధిలోకి చూస్తే కింద నిలిపిన స్కూటరు సీటు మీదా అవే.

ఈ చుక్కల గురించి ఒకప్పుడు అమెరికా, సోవియట్ యూనియన్ తగువులాడుకున్నాయి. లావోస్ అడవుల్లో ఆకుల మీద ఇలాంటి పసుపు మరకలు కనపడితే, అది సోవియట్ విషాయుధమని 1981లో అమెరికా ఆరోపించింది. దానికి 'పసుపు వాన' అని పేరు వచ్చింది. హార్వర్డ్ శాస్త్రవేత్త మాథ్యూ మెసెల్సన్, తేనెటీగల మీద జీవితమంతా పనిచేసిన థామస్ సీలీ కలిసి ఆ మరకల సంగతి తేల్చారు. అందులో ఉన్నది అరిగిపోగా మిగిలిన పుప్పొడి. కొండతేనెటీగలు గుంపుగా లేచి, గాల్లో ఒక్కసారే విసర్జించే మలం.

అంటే అవి మీ ఇంటికి వచ్చాయి. ఎక్కడున్నాయి?

వెనక్కి తిరగండి. మెల్లగా.

మీరు ఇప్పుడే దాటి వచ్చిన తలుపుకు ఎడమవైపు, నీళ్ళ ట్యాంకు కింది సజ్జకు, నల్లగా ఏదో వేలాడుతోంది. మూరెడు పైగా వెడల్పు. చూస్తుండగానే దాని మీద ఒక అల పుట్టింది. పండిన వరిచేను మీద గాలి పోయినట్టు ఆ చివరి నుంచి ఈ చివరికి పాకి, మాయమైంది. మళ్ళీ ఇంకొకటి.

మీకు కనిపిస్తున్నది పట్టు కాదు, పట్టును కప్పుకున్న ఈగలు. పదుల వేల ఈగలు పొరలు పొరలుగా ఒకదాన్నొకటి పట్టుకుని వేలాడుతున్నాయి. ఒకదాని తర్వాత ఒకటి పొట్ట పైకెత్తి దించుతుంటే అది అలలా కనిపిస్తుంది. కందిరీగో పిట్టో దగ్గరికొస్తే అవి ఇచ్చే హెచ్చరిక ఇదే. ఇప్పుడు దగ్గరికొచ్చింది మీరు.

కిందికి పోవడానికి ఉన్నది ఆ తలుపొక్కటే.

పరుగెత్తకండి. చెయ్యి ఊపకండి. నోరు మూసుకోండి, మన ఊపిరి వాటికి నచ్చదు. గిన్నె ఛాతీకి ఆనించి పట్టుకోండి, గోడకు తగిలితే మోగుతుంది. కుడివైపు గోడ వారగా నాలుగు అడుగులు. తలుపు సందులోంచి పక్కకు జరగండి. గడియ చప్పుడు కాకుండా వేయండి.

ఇప్పుడు ఊపిరి తీసుకోండి. వేపపువ్వు కింద వీధిలో రాలింది ఏరుకుందాం.

వంటింట్లో అవ్వ చింతపండు పిసుకుతోంది. ఆమెది తిరుత్తణి పక్క పల్లె. ఆమె పుట్టేటప్పటికి తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఉండేది, 1960 ఏప్రిల్‌లో మద్రాసు రాష్ట్రంలో కలిసింది. ఇంట్లో మాట మాత్రం ఇప్పటికీ తెలుగే. సంగతి చెప్పగానే అవ్వ అడిగిన మొదటి మాట, "ఈగ ఎంతుంది?"

ఆ ప్రశ్న గుర్తుపెట్టుకోండి. ఇంట్లో తేనెపట్టు కనిపించిన వాళ్ళలో చాలామంది ఈగను చూడరు, పట్టును చూసి భయపడతారు. ఏం చేయాలన్నది చెప్పేది ఈగే.

వేలి మొదటి కణుపంత పొడుగు, ఒకటే పట్టు, గాలికి బాహాటంగా వేలాడుతూ ఉంటే అది కొండతేనెటీగ. తమిళంలో మలైతేనీ. చెట్టు కొమ్మలు, కొండ చరియలు, ఇప్పుడైతే నీళ్ళ ట్యాంకులు, అపార్ట్‌మెంటు సజ్జలు దాని చోటు. దీన్ని ఎవరూ పెట్టెలో పెంచలేరు. కోపం వస్తే వెంటాడుతుంది, వంద అడుగులు పోయాక కూడా వదలదు. అందులో సగం ఉండి, గోడ సందులోనో చెట్టు తొర్రలోనో చీకట్లో నాలుగైదు పట్లు వరసగా పెట్టేది పుట్టతేనెటీగ. పెట్టెలో పెంచేది దీన్నే. మొక్క కొమ్మకు అరచేతి మేర పట్టు పెట్టే చిన్న ఈగ జుంటీగ. ఇక చీమంత ఉండి, గోడ పగుల్లోంచి మైనపు గొట్టం బయటికి పెట్టే ముసురు ఈగకు కుట్టే ముల్లే లేదు.

"పెద్దది," అంటారు మీరు. "చాలా పెద్దది."

"అయితే దాని జోలికి పోవద్దు. పూత అయిపోతే అదే పోతుంది." అవ్వ చేతులు కడుక్కుంది. "రా, ఇంకోటి చూపిస్తా."

మెట్ల కిందికి తీసుకెళ్ళింది. రోజూ మీరు బండి పెట్టే చోటు. పాత నీళ్ళ పైపు తీసేశాక పూడ్చకుండా వదిలేసిన కన్నం ఒకటి గోడలో ఉంది. వేలు పట్టేంత. వంగి చూడండి. అంచు నున్నగా అరిగి, మైనంతో గోధుమరంగు తేలింది. ఒక ఈగ వచ్చి వాలింది. వెనక కాళ్ళకు పసుపు ముద్దలు. లోపలికి దూరింది. ఇంకొకటి బయటికి వచ్చి, మీ మోకాలి పక్కగా పోయింది. మిమ్మల్ని పట్టించుకోనే లేదు.

"సంక్రాంతి నుంచీ ఉండాయి," అంది అవ్వ. "ఒక్కసారన్నా కుట్టిందా నిన్ను?"

ఒకే ఇంట్లో రెండు గూళ్ళు. కిందివి పుట్టతేనెటీగలు, పైన కొండతేనెటీగలు.

మీ ఇల్లే ఎందుకు? గుంపు చోటు మారాలనుకున్నప్పుడు దారి వెతికే ఈగలు ముందుగా బయలుదేరతాయి. అవి తిరిగొచ్చి, దిక్కూ దూరమూ నాట్యంతో చెబుతాయి. ఈ నాట్య భాషను చదివినందుకే కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ బహుమతి వచ్చింది. ఎత్తున నీడనిచ్చే సజ్జ, వీధి నిండా వేప, కానుగ, కొబ్బరి పూత, పక్కనే చెరువు. అన్నీ ఇక్కడే ఉన్నాయి. పైగా కొండతేనెటీగలు మునుపు పట్టు పెట్టిన చోటికే ఏటేటా తిరిగి వస్తుంటాయి. సజ్జ అడుగున పాత మైనపు మరక ఉండే ఉంటుంది. మీరు చూసి ఉండరు.

ఇక సలహాలు మొదలవుతాయి. లక్ష్మి వచ్చింది, కదపకండి అంటారు ఒకరు. అరిష్టం, ఇల్లు ఖాళీ చేయండి అంటారు ఇంకొకరు. బొద్దింకల స్ప్రే కొట్టమని ఎదురింటివాళ్ళు. ఇంటి ఓనరుది ఒకటే మాట: "చిత్తిరై ఒకటో తేదీకి మిద్దెకు సున్నం కొట్టించాలి. అప్పటికి పోవాలి." తమిళ నెల చిత్తిరై మొదలయ్యేదాకా, అంటే రెండు వారాల గడువు.

ఆ రెండు వారాలూ వాటి కింద బతకడం కష్టమేమీ కాదు. మిద్దె తలుపుకు తాళం వేయండి. మెట్ల గది బల్బు తీసేయండి, రాత్రిపూట వెలుగు కనిపిస్తే అవి దాని మీదికి వస్తాయి. కింద చెత్త తగలబెట్టొద్దని వీధిలో చెప్పండి. పట్టు మీద రాయి విసరొద్దని పిల్లలకు గట్టిగా చెప్పండి. ఆకాశం మీద కూడా ఒక కన్నుండాలి. తేనెగద్ద అనే పక్షి పట్టును తన్ని ముక్క ఎత్తుకుపోతుంది, కోపం మాత్రం కింద నడిచే మనిషి మీద పడుతుంది. ఏ తప్పూ చేయని వాళ్ళను తేనెటీగలు కుట్టాయన్న వార్తల వెనక చాలాసార్లు ఇలాంటి గద్దే ఉంటుంది.

రోజులు గడిచేకొద్దీ పట్టు పెరుగుతోంది. మెట్ల గది కిటికీ అద్దంలోంచి చూడండి. కింది అంచు సజ్జ నుంచి చేతి పొడుగున దిగింది. లోపల ఇప్పుడు గుడ్లున్నాయి, పురుగులున్నాయి. ఖాళీ చేతులతో వచ్చిన గుంపు వేరు, పిల్లలున్న గుంపు వేరు. మొదటిది బెదిరిస్తే ఎగిరిపోవచ్చు. రెండోది నిలబడి పోరాడుతుంది.

పదకొండు గంటల ఎండ. మీరు అన్నం వారుస్తున్నారు.

మెట్ల మీద పెట్రోలు వాసన.

తలుపు తీసి చూడండి. ఓనరు. చేతిలో పొడుగాటి వెదురు కర్ర, కొనకు తడిపిన గుడ్డ చుట్టి ఉంది. తలకు తువ్వాలు. ఒంటి మీద నల్ల చొక్కా.

"అన్నా, వద్దు. పగలు అసలొద్దు."

"అయిదు నిమిషాల పని. కిటికీలు వేసుకోండి."

లోపల్నుంచి అవ్వ కేక. "వొద్దబ్బా! గమ్మున దిగు!"

ఆయన ఆగలేదు. పైన తాళం తీసిన చప్పుడు.

కింద వీధిలో పిలకాయలు. సైకిలు తొక్కుతున్నారు. వేపచెట్టు కింద ఇస్త్రీ బండి.

పైకి పరుగెత్తి ఆయన చెయ్యి పట్టుకుంటారా? కిందికి పోయి పిల్లల్ని లాక్కొస్తారా?

కిందికి పోండి.

"లోపలికి రండి! అందరూ! సైకిలు అక్కడే పడేయండి!" ఒకడు నవ్వుతున్నాడు. రెక్క పట్టి లాగండి. ఇంకొకడు. ముగ్గురూ గుమ్మం దాటారు. ఇస్త్రీ ఆయన తల ఎత్తి చూస్తున్నాడు. "అన్నా, మీరూ రండి!"

అప్పుడు చప్పుడు మారింది.

ఇన్నాళ్ళూ సన్నగా వినిపించిన రొద లావైంది. మీ పళ్ళలో తెలుస్తోంది.

పైన అరుపు. కర్ర పడిన చప్పుడు.

వెలుగు తగ్గింది. వీధి మీద గోధుమరంగు మబ్బు.

ఒకటి మీ మణికట్టు మీద. నిప్పు.

కొట్టకండి. ఇంకా వస్తాయి.

ఆ వాసన తెలుస్తోందా? పండిన అరటిపండు వాసన. కుట్టిన ఈగ వదిలేది. ఇక్కడే, వీణ్ణే అని మిగతా వాటికి చెబుతోంది.

కదలండి. గుమ్మం. తలుపు. గడియ.

కిటికీలు. కర్టెన్లు. వంటింటి ఫ్యాను కన్నానికి గుడ్డ కుక్కండి.

నాలుగైదు మీతోపాటు లోపలికి వచ్చాయి. గది చీకటి చేసి, ఒక్క కిటికీ అద్దం వదలండి. అవి వెలుగువైపు పోయి అద్దానికే కొట్టుకుంటాయి. మీ జోలికి రావు.

మెట్ల మీంచి ఓనరు దూకినట్టు వచ్చి తలుపు బాదుతున్నాడు. తెరవండి. లాగండి. మూయండి. తువ్వాలు తీసి చూస్తే మెడ మీద, చెవి వెనక, కనుబొమ్మలో ముళ్ళు. పదికి పైనే.

దగ్గరగా చూడండి. చిన్న గోధుమ ముల్లు, దాని కొనకు తెల్లటి సంచి. ఈగ పోయింది, సంచి ఇక్కడే ఉండిపోయింది. ఇంకా కొట్టుకుంటోంది. ముడుచుకుంటూ, తెరుచుకుంటూ, విషాన్ని లోపలికి తోస్తోంది. ముల్లుకు వెనక్కి తిరిగిన కొక్కేలున్నాయి, అందుకే ఈగ దాన్ని లాక్కోలేక పేగు తెంపుకుని చస్తుంది. ఈ సంచి ఒక నిమిషం పాటు పనిచేయగలదు. పట్టుకారు వెతకడానికి ఆ నిమిషం పోగొట్టుకోకండి. గోటితో గీకినా, ఏటీఎం కార్డు అంచుతో నెట్టినా, వేళ్ళతో పీకినా ఒకటే. 1996లో ఈ విషయం మీదే చేసిన పరిశోధన తేల్చింది ఇది: ఎలా తీశారన్నది కాదు, ఎంత త్వరగా తీశారన్నదే లెక్క. తీయండి. ఇంకొకటి. చెవి వెనకది.

అవ్వ సున్నం డబ్బీ తెచ్చింది. విషం చర్మం లోపలికి దిగిపోయింది, పైన రాసిన సున్నం దాన్ని అందుకోలేదు. గుడ్డలో ఐసు చుట్టి పెట్టండి. ఉంగరం తీయించండి, వేలు వాస్తుంది. నీళ్ళ తొట్టిలో దూకితే సరిపోయేదిగా అంటాడొక పిల్లవాడు. సరిపోదు నాన్నా. తల పైకెత్తేదాకా అవి అక్కడే తిరుగుతుంటాయి.

ఓనరు మాట్లాడుతున్నాడు, ఊపిరి బాగానే ఆడుతోంది. విషం మోతాదు వల్లే పెద్దవాళ్ళ ప్రాణం పోవాలంటే వందల్లో కుట్లు పడాలి, వెయ్యి దాకా కూడా. పిల్లలకైతే అంతకన్నా చాలా తక్కువ చాలు. పదీ పదిహేనుకు నొప్పి, వాపు, జ్వరం. ఈయన గట్టెక్కుతాడు.

కర్టెన్ అంచు ఎత్తి బయటికి చూడండి.

ఇస్త్రీ ఆయన బండి పక్కన కూర్చున్నాడు. చేత్తో గొంతు పట్టుకున్నాడు.

ఆయన ముఖం మీద గుంపేమీ లేదు. పడింది ఒకటో రెండో. కానీ పెదవులు ఉబ్బాయి. ఛాతీ పైకీ కిందికీ ఎగురుతోంది.

ఇది విషం మోతాదు సంగతి కాదు. కొందరి ఒంటికి ఒక్క కుట్టు చాలు. ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి, నాలుక మందమవుతుంది, గొంతు పూడుకుపోతుంది, రక్తపోటు పడిపోతుంది. నిమిషాల్లో.

108 కొట్టండి. మొదటి మాటగా చెప్పండి: తేనెటీగ కుట్టింది, ఊపిరి ఆడటం లేదు. వీధి పేరు, దగ్గరి గుర్తు. ఫోను పక్కవాళ్ళకిచ్చి ఫైరు వాళ్ళ 101కి కూడా చేయమనండి.

వాళ్ళొచ్చేదాకా ఆగుతారా?

బీరువాలో లేత రంగు దుప్పటి ఉంది. మందంది. నల్ల బట్టకు, జుట్టుకు, ఉన్నికి అవి ముందు వస్తాయి. ప్యాంటు సాక్సులోకి దోపండి. చొక్కా గుండీలు మెడ దాకా. దుప్పటి తల మీంచి, కళ్ళ ముందు చిన్న సందు. రెండోది చంకలో.

తలుపు. మూసుకోమనండి.

ఎండ. రొద. దుప్పటి మీద టపటపా.

నడవండి. ఇరవై అడుగులు.

ఆయన మీద రెండో దుప్పటి కప్పండి. బండి కింద బొగ్గుల పెట్టె, తన్నకండి.

చంకల కింద చేతులు. లాగండి.

ఒకటి దుప్పటిలో దూరింది. మెడ. కుట్టింది.

ఆగకండి.

గుమ్మం.

లోపల.

పడుకోబెట్టండి. కాళ్ళ కింద దిండు. లేపి కూర్చోబెట్టమంటారు, నీళ్ళు తాగించమంటారు. నీళ్ళు వద్దు, మింగలేడు. తల తిరుగుతోందంటే లేవనివ్వకండి. ఊపిరికి మరీ ఇబ్బందైతేనే వీపుకు ఆసరా ఇచ్చి కాస్త ఎత్తండి. ముల్లు మోచేతి మీద ఉంది, గీకేయండి. ఎవరో అలర్జీ మాత్ర తెచ్చారు. అది దురదకు, దద్దుర్లకు పనిచేస్తుంది. పూడుకుపోతున్న గొంతును తెరిచేది అడ్రినలిన్ ఒక్కటే. తొడ కండలోకి ఇంజెక్షన్.

సైరన్. అంబులెన్సు గుమ్మానికి ఆనుకునేలా వెనక్కి వచ్చింది. వెనక తలుపు, మీ తలుపు ఎదురెదురుగా. సూది పడింది. మీరు ఆయన చెయ్యి పట్టుకునే ఉన్నారు. ఊపిరిలో కూత తగ్గుతోంది. కొంచెం. ఇంకొంచెం. గవర్నమెంటాసుపత్రికి తీసుకెళ్తున్నారు. తేలికపడ్డాడని వెంటనే ఇంటికి తెచ్చేయకండి, కొన్ని గంటల తర్వాత అదే రెండోసారి తిరగబెట్టవచ్చు. ఓనరునూ అదే బండిలో ఎక్కించండి. కుట్లు ఎక్కువగా పడ్డవాళ్ళకు మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉంది, రక్త పరీక్ష చేస్తారు.

ఫైరు వాళ్ళు వీధి రెండు కొసలా తాడు కట్టారు. సాయంత్రానికి గుంపు మళ్ళీ పట్టు మీదికి చేరింది. కొంచెం పలచబడింది, అంతే. అంచు ఒకవైపు కమిలింది. కాల్చడం వల్ల జరిగింది అదొక్కటే.

ఇప్పుడు ఉంచుదామని ఎవరితోనూ అనలేం. రేపు మళ్ళీ పిల్లలు బయటికి రావాలి. తిరుత్తణి దారిలోని ఊరి నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఇరుళర్ తెగవాడు. తేనె తీయడం వాళ్ళింట్లో తరతరాల పని. కింద నిలబడి పట్టు చూశాడు, తర్వాత ఆకాశం చూశాడు. నిండు చందమామ.

"ఈరోజు కాదు," అన్నాడు. "వెన్నెల్లో కూడా ఎగురుతాయివి."

కొండతేనెటీగలు చంద్రుడుంటే రాత్రి కూడా మేతకు పోతాయి. అయిదారు రోజులు ఆగాలి. అప్పటికి చంద్రుడు పొద్దుపోయాక గానీ లేవడు, ఆలోపు చిమ్మచీకటి దొరుకుతుంది. చిత్తిరై ఒకటో తేదీ ఈ మధ్యలోనే దాటిపోతుంది. ఆసుపత్రి నుంచి వచ్చిన ఓనరు, వాచిన కన్నుతోనే తల ఊపాడు.

పట్టు కోసే రాత్రి మీ పని చిన్నది. మెయిన్ ఆపేయండి. వీధిలో ఎవరూ టార్చి వేయకుండా చూడండి, ఎర్ర వెలుగు అయితే వాటికి కనపడదు. పైన పచ్చాకు పొగ లేచింది. మంట లేదు, పొగే. పొగ తగిలితే ఈగలు తేనె కడుపునిండా తాగి సర్దుకుంటాయి, కుట్టమని పిలిచే వాసన కూడా అందులో మునిగిపోతుంది. పొర జరిగింది. కత్తి ఆడింది. పట్టు తొట్టిలోకి దిగింది. గుంపు ఖాళీ సజ్జకే రెండు రోజులు వేలాడి, మూడోనాడు ఎండెక్కాక లేచి చెరువు వైపు పోయింది. అదే రోజు మైనపు మరకను గీకించి, సోడా నీళ్ళతో కడిగించి, సున్నం పూయించారు. ఈ పని చేయకపోతే వచ్చే ఏడు ఇదే చోటికి వస్తాయి.

కథ అయిపోలేదు. ఇస్త్రీ ఆయన కోలుకుని వచ్చాడు గానీ, వీధి భయం తగ్గలేదు. మెట్ల కింది కన్నం సంగతి అందరికీ తెలిసిపోయింది. ఎవరో మందు డబ్బా తెచ్చి మీ చేతిలో పెట్టారు. "దీన్ని కూడా చంపేయండి." డబ్బా చల్లగా ఉంది. కన్నం రెండడుగుల దూరంలో ఉంది. కొడతారా?

కొట్టకండి. ఏమవుతుందో ఊహించండి. గోడలో వేల ఈగలు చచ్చి కుళ్ళుతాయి. పట్టును చల్లగా ఉంచడానికి రెక్కలాడించేవాళ్ళు లేక, మే నెల ఎండకు మైనం మెత్తబడి జారుతుంది. విషం కలిసిన తేనె గోడ వెంబడి కారుతుంది. చీమలు, బొద్దింకలు, ఎలుకలు. ఆ తేనె వేలితో నాకే పిల్లలు. గోడ పగలగొట్టక తప్పదు, అదేదో ఇప్పుడే, ఈగలు బతికుండగానే చేయండి. నా మటుకు నేను ఈ ఈగల పక్షమే. మూడు నెలలుగా ఈ మెట్ల కింద ఎవరినీ కుట్టకుండా, వీధిలోని మామిడి, మునగ, కొబ్బరి పూతను పండించిన ఈగలివి. పైవాటి నేరం వీటికి అంటగట్టడం అన్యాయం.

పెట్టెల్లో ఈగలు పెంచే ఆయన సాయంత్రం నాలుగున్నరకు వచ్చాడు. మార్తాండంలో పని నేర్చుకున్నాడట. కన్యాకుమారి జిల్లాలోని ఆ ఊరు తేనె పెంపకానికి పేరుపడింది. చంకలో న్యూటన్ పెట్టె. వందేళ్ళ క్రితం తిరుచ్చి వైపు పనిచేసిన న్యూటన్ అనే పాదిరి మన ఈగ సైజుకు తగ్గట్టు చేసిన చిన్న చెక్కపెట్టె. ముసుగు మీకూ ఒకటి ఇచ్చాడు. కూర్చోండి, దగ్గరగా.

ఉలితో రెండు ఇటుకలు ఊడాయి. లోపల వెచ్చగా ఉంది, ఆ వెచ్చదనం ముఖానికి తగులుతుంది. అయిదు పట్లు, అరచేతి వెడల్పు, ఒకదాని పక్కన ఒకటి సమంగా. పైభాగంలో తేనె, తెల్లటి మూతలతో. కింద గోధుమరంగు మూతల్లో పురుగులు. ఆయన పొగ రెండు సార్లే ఊదాడు. మొదటి పట్టు కోశాడు. తేనె భాగం వేరుచేసి గిన్నెలో వేశాడు. పిల్లలున్న భాగాన్ని చెక్క చట్రంలో నిలబెట్టి, తడిపిన అరటినారతో రెండు చుట్లు చుట్టాడు. "పట్టుకోండి. నిలువుగానే. పడుకోబెడితే పట్టు విరుగుతుంది." చట్రం మీ చేతుల్లో ఉంది. ఈగలు మీ వేళ్ళ మీద నడుస్తున్నాయి. వణక్కండి. రెండు రోజుల్లో అవే పట్టును చెక్కకు మైనంతో అతికించి, నారను కొరికి బయట పారేస్తాయి.

నాలుగో పట్టు మీద ఆయన చెయ్యి ఆగింది. "రాణి." మిగతావాటికన్నా పొడుగు, ముదురు రంగు, తొందరగా నీడలోకి పోతోంది. చిన్న జాలీ పంజరంలోకి ఎక్కించి పెట్టెలో పెట్టాడు. ఇక ఈగల్ని వెతికి పట్టాల్సిన పని లేదు. కాసేపటికే పెట్టె గుమ్మం దగ్గర కొన్ని ఈగలు నిలబడి, పొట్ట పైకెత్తి రెక్కలాడించడం మొదలుపెట్టాయి. ఇల్లు ఇదేనన్న వాసన గాల్లో వదులుతున్నాయి. గోడలో మిగిలినవి వరస కట్టి పెట్టెలోకి నడిచాయి.

"1991-92లో థాయ్ శాక్‌బ్రూడ్ అని రోగం వచ్చింది," ఆయన చట్రాలు సర్దుతూ అన్నాడు. "దక్షిణాదిన పెట్టెలన్నీ ఖాళీ. నూటికి తొంభై పైగా పోయాయి. ఇలా గోడల్లో, తొర్రల్లో బతికి బట్టకట్టిన వాటి నుంచే మళ్ళీ పట్టుకొచ్చాం."

పెట్టె రాత్రిదాకా అక్కడే ఉంటుంది, మేతకు పోయినవి తిరిగి రావాలి కదా. చీకటి పడ్డాక గుమ్మం మూసి తీసుకెళ్తాడు. తిరుత్తణి వైపు మామిడి తోటకు. మూడు కిలోమీటర్లకన్నా తక్కువ దూరంలో పెడితే పాత దారి గుర్తుండి ఈ గోడకే తిరిగొస్తాయి. అక్కడ స్టాండు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెడతాడు, చీమలెక్కకుండా.

మీకు మిగిలింది గోడ. సిమెంటు కలిపే ముందు టార్చి వేసి లోపల చూడండి. మూలల్లో మైనం కనిపిస్తే పారతో గీకండి, వేడి సోడా నీళ్ళతో రెండు సార్లు కడగండి, ఒక రోజు ఆరనివ్వండి. అప్పుడు పూడ్చండి. పక్కింటి మెట్ల కింద కూడా పాత పైపు కన్నం ఒకటుంది. తాపీ చేతిలో ఉండగానే అదీ పూడ్చేయండి.